3ః16: తెలుగు క్రైస్తవ పుస్తకం రాతప్రతిలో చిక్కులు ఎక్కడొస్తాయి

చిక్కడపల్లిలోనో నారాయణగూడలోనో ఏదైనా డీటీపీ సెంటర్‌లో ఓ గంట కూర్చుంటే క్రైస్తవ పుస్తకాల పని ఎలా నడుస్తుందో అర్థమైపోతుంది. పాస్టర్ గారు పెన్‌డ్రైవ్ పట్టుకొస్తారు, లేదంటే వాట్సాప్‌లో ముప్పై మెసేజ్‌లుగా పంపిస్తారు, "గుడ్‌ఫ్రైడేకల్లా పుస్తకం చేతికి రావాలి" అంటారు. ఆపరేటర్ ఫైలు తెరుస్తాడు. మొదటి పేజీలోనే "యోహాను 3ః16" కనిపిస్తుంది. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఆ అంకెల మధ్య ఉన్నది కోలన్ కాదు, విసర్గ.

కంటికి రెండూ ఒకటే, నిలువుగా రెండు చుక్కలు. కంప్యూటర్‌కి మాత్రం పూర్తిగా వేర్వేరు. విసర్గ అక్షరాన్ని ఆనుకుని ఉండాల్సిన గుర్తు కాబట్టి అంకె పక్కన పెడితే కొన్ని ఫోన్లలో అక్కడ ఓ చుక్కల వలయం వచ్చి కూర్చుంటుంది. పీడీఎఫ్‌లో 3:16 అని వెతికితే దొరకదు. రేపు ఈ-బుక్ చేసి వచనాలకు లింకులు ఇద్దామంటే ఒక్కటీ పనిచెయ్యదు. పోనీ విసర్గలన్నిటినీ ఒకేసారి కోలన్లుగా మార్చేద్దాం అని రీప్లేస్ ఆల్ కొడితే ఇంకో గొడవ మొదలవుతుంది: "దుఃఖము" కాస్తా "దు:ఖము" అయిపోతుంది, "అంతఃకరణ" గతీ అంతే. విలాపవాక్యముల మీద రాసిన పుస్తకమైతే ఇక చెప్పక్కర్లేదు. రెండు అంకెల మధ్య ఇరుక్కున్న విసర్గను మాత్రమే కోలన్ చెయ్యాలి, దుఃఖంలో ఎవరైనా కోలన్ కొట్టి ఉంటే దాన్ని మళ్ళీ విసర్గ చెయ్యాలి. ఈ రెండు పనులూ డీటీపీకి ఇచ్చే ముందే రచయిత చేసుకుంటే అరగంట. పేజీలు కట్టాక చేస్తే రెండు రోజులు.

ఈ తలనొప్పికి చాలావరకు కారణం పాత ఫాంట్లే. హైదరాబాద్‌లో తెలుగు పుస్తకాలు ఎన్నో ఏళ్ళు "అను" అనే ఫాంట్లతో, పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో తయారయ్యాయి, ఇప్పటికీ అలా చేసేవాళ్ళున్నారు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అను లాంటి ఫాంట్లలో తెలుగు అక్షరం అసలు తెలుగు అక్షరమే కాదు, ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో పెట్టిన బొమ్మ. అందుకే ఆ ఫైలు వేరే కంప్యూటర్‌లో తెరిస్తే గజిబిజి గీతలు కనిపిస్తాయి. యూనికోడ్‌లో (ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే కోడ్ ఉండే పద్ధతిలో) తెలుగు 1991 నుంచే ఉంది కాబట్టి కొత్తగా రాసేవాళ్ళు యూనికోడ్‌లోనే టైపు చెయ్యడం మంచిది. డీటీపీ వాళ్ళు అనులోకి మార్చుకుని పని చేస్తామంటే చేసుకోనివ్వండి, కానీ మార్పిడి జరిగిన ప్రతిసారీ ఏదో ఒకటి పోతుందని గుర్తుంచుకోవాలి. ఎక్కువగా పోయేవి మూడు. ఒకటి పైన చెప్పిన విసర్గ. రెండోది సున్నా: 10 అని ఉండాల్సిన చోట "1ం" అనో "1౦" అనో వస్తుంది, కీర్తన 100 కాస్తా ఏ కీర్తనా కాకుండా పోతుంది. మూడోది కంటికి కనపడని గుర్తు, అదే పొల్లు తర్వాత వచ్చే అక్షరం వత్తుగా మారకుండా ఆపేది. అది ఎగిరిపోతే "పాస్టర్‌గారు" అన్నది "పాస్టర్గారు" అవుతుంది, "క్రిస్మస్‌కు" అన్నది "క్రిస్మస్కు" అవుతుంది. ముందుమాట రాసిన బిషప్ గారి పేరులోనే ఇది జరిగితే ఆ టెన్షన్ వేరు.

ఇవన్నీ చిల్లర తప్పుల్లా కనిపిస్తాయి. కానీ వీటి వెనక ఒకే ప్రశ్న ఉంది. క్రైస్తవ పుస్తకంలో ఎప్పుడూ రెండు గొంతులు వినిపిస్తుంటాయి: ఒకటి లేఖనం, రెండోది రచయిత. పాఠకుడికి ఏ వాక్యం ఎవరిదో ఏ క్షణంలోనూ అనుమానం రాకూడదు. కోట్స్, రిఫరెన్సు, ఫాంటు, క్రియారూపం, పేరు రాసే తీరు, అన్నీ ఈ గీత చెరిగిపోకుండా కాపాడటానికే. ఇంగ్లిషులో దీనికి పెద్ద పెద్ద స్టైల్ గైడ్లున్నాయి. వాటిని తెలుగుకి తెచ్చి అతికిద్దామంటే మాత్రం సగం అతకవు. ఎందుకంటే మన గీత చెరిగేది వేరే చోట.

ఎక్కడంటే, భాషలోనే. తెలుగు బైబిలు పని చాలా పాతది. లండన్ మిషన్ వాళ్ళు 1805లో విశాఖపట్నంలో దిగి అనువాదం మొదలుపెట్టారు, మొదటి మూడు సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడింది ఆ తర్వాత వందేళ్ళకి. ఆ పోరాటం పత్రికల భాషను మార్చింది, పాఠ్యపుస్తకాల భాషనూ మెల్లగా మార్చింది, కానీ ఎక్కువ సంఘాల్లో ఈరోజుకీ చదివే పాత అనువాదం మాత్రం "చెప్పెను", "పలికెను", "యున్నది", "గనుక" దగ్గరే ఉంది. అందులో తప్పేం లేదు, ఆ భాషకి ఓ అందం ఉంది, కంఠస్థం వచ్చిన వచనాలన్నీ ఆ లయలోనే వచ్చాయి. చిక్కు ఎక్కడంటే, చిన్నప్పటి నుంచీ అదే వింటూ పెరిగిన రచయిత పెన్ను పట్టుకోగానే తనూ అదే భాష రాస్తాడు. అప్పుడు ఇలాంటి పేరా తయారవుతుంది:

ప్రియులారా దేవుడు మనలను ప్రేమించుచున్నాడు గనుక మనము భయపడనక్కరలేదు యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు అని దావీదు చెప్పుచున్నాడు మన కుటుంబములకును లేమి కలుగనే కలుగదు ఆయన మన ముందర నడచుచున్నాడు.

ఇందులో దావీదు మాట ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, "మన కుటుంబములకును" అన్నది లేఖనమా, రచయిత వ్యాఖ్యానమా? బైబిలు బాగా తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. కొత్తగా చదివేవాళ్ళకి తెలీదు, పుస్తకం రాసేదేమో వాళ్ళ కోసం. దీన్నే ఇలా రాయొచ్చు: దేవుడు మనల్ని ప్రేమిస్తున్నాడు, కాబట్టి భయపడాల్సిన పని లేదు. "యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు" (కీర్తనలు 23:1) అంటాడు దావీదు. మన కుటుంబాలకూ ఆ మాట వర్తిస్తుంది. ఇక్కడ కోట్స్ చేసిన పని సగమే. మిగతా సగం "ప్రేమిస్తున్నాడు", "అంటాడు", "కుటుంబాలకూ" అన్న మాటలు చేశాయి. రచయిత తన భాషలో తను మాట్లాడితే లేఖనం దానంతటదే విడిగా కనిపిస్తుంది. పుస్తకమంతా గ్రాంథికంలో రాస్తే ఎక్కువ భక్తిగా ఉంటుందనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. నిజానికి అక్కడ జరిగేది భక్తి పెరగడం కాదు, రచయిత మాటకి పౌలు మాటంత బరువు తెలియకుండా వచ్చేయడం. అది చిన్న విషయం కాదు.

"విశ్వాసము", "విశ్వాసం" లాంటి ము-సున్నా గొడవ కూడా ఇందులో భాగమే. వచనం లోపల "ము" ఉంటే అలాగే ఉంచాలి, ఒక్క అక్షరం ముట్టుకోకూడదు. బయట మాత్రం ఏదో ఒకటి పట్టుకుని చివరిదాకా వెళ్ళాలి.

వచనం ముట్టుకోకూడదు అన్నప్పుడు ఇంకో మెలిక ఉంది. పాత అనువాదంలో సంభాషణల చుట్టూ కోట్స్ ఉండవు, "అని" అన్న మాటే ఆ పని చేస్తుంది. ఆదికాండము 1:3 చూడండి: "దేవుడు వెలుగు కమ్మని పలుకగా వెలుగు కలిగెను." కొంతమంది ప్రూఫ్ చూసేవాళ్ళు ఇంగ్లిషు బైబిలు పక్కన పెట్టుకుని, దేవుడి మాటకి లోపలి కోట్స్ పెట్టాలని కూర్చుంటారు. ఎక్కడ మూస్తారు? "కమ్ము", "అని" కలిసి "కమ్మని" అయిపోయాయి, సంధి మధ్యలో కోట్ మార్క్ పెట్టే చోటే లేదు. అందుకే వచనం చుట్టూ బయట ఒక జత డబుల్ కోట్స్ పెట్టి లోపల అచ్చులో ఎలా ఉంటే అలా వదిలెయ్యడం ఒక్కటే దారి. మధ్యలో కొంత వదిలేస్తే మూడు చుక్కలు. రచయిత ఏదైనా మాటని నొక్కి చెప్పాలని బోల్డ్ చేస్తే, ఆ బోల్డ్ తనదేనని పక్కన ఓ మాట రాయాలి. వచనాలు గుర్తున్నవి గుర్తున్నట్టు రాసేయడం మరీ ప్రమాదం, ఎందుకంటే ప్రసంగాల్లో వందసార్లు చెప్పిన వచనమే నోట్లో కొంచెం కొంచెంగా మారిపోయి ఉంటుంది.

రిఫరెన్సుల సంగతికొస్తే, తెలుగులో ఓ తమాషా ఉంది. బైబిల్లో పౌలు రాసిన పత్రికల (అంటే ఉత్తరాల) పేర్లకి చివర "కు" లేదా "కి" ఉంటుంది: రోమీయులకు, గలతీయులకు, తిమోతికి. బ్రాకెట్లో "(రోమీయులకు 8:28)" అని పెడితే చక్కగా ఉంటుంది. కానీ వాక్యంలోకి తెస్తే "రోమీయులకులో పౌలు అంటాడు" అని రాయాల్సి వస్తుంది, చదివితే నాలుక మడత పడుతుంది. నడిచే వాక్యంలో "రోమా పత్రిక 8:28లో" అని, బ్రాకెట్లో మాత్రం బైబిల్లో ఉన్న పేరుతో "రోమీయులకు 8:28" అని పెట్టుకుంటే సరిపోతుంది. రెండు రకాలు వాడటం తప్పు కాదు, ఎక్కడ ఏది అన్నది మారకపోతే చాలు.

పొడి అక్షరాల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఆది., నిర్గ., కీర్త., సామె., మత్త., ప్రక. లాంటివి ఎవరికైనా తెలుస్తాయి. "ఫిలి." అంటే ఫిలిప్పీయులకా, ఫిలేమోనుకా? ఫిలేమోనుకు రాసింది ఒకే అధ్యాయం కాబట్టి 4:13 అని ఉంటే ఊహించొచ్చు, 1:6 అని ఉంటే ఊహకి అందదు. "యెహె.", "యెహో." మధ్య తేడా ఒక్క గుణింతం, కళ్ళజోడు మర్చిపోయినవాళ్ళు యెహెజ్కేలుకి బదులు యెహోషువలో వెతుకుతారు. "యోహా." అంటే సువార్తా, పత్రికా? "యూదా" అంటే పత్రికా, గోత్రమా? పొడి అక్షరాలు ఆదా చేసే చోటు చాలా తక్కువ, అవి పెట్టే కన్ఫ్యూజన్ ఎక్కువ. పాదసూచికల్లో రిఫరెన్సులు కిక్కిరిసి ఉంటే తప్ప పూర్తి పేరు రాయడమే నయం. అంకెతో మొదలయ్యే "1 కొరింథీయులకు" లాంటి పేర్లలో అంకె ఒక లైను చివర, పేరు తర్వాతి లైనులో పడకుండా మధ్యలో విడిపోని స్పేస్ పెట్టాలి. అధ్యాయానికీ వచనానికీ మధ్య కోలన్, ఒకే అధ్యాయంలోని వచనాల మధ్య కామా, అధ్యాయం మారితే సెమీకోలన్: మత్తయి 5:3, 9; 6:33. ఇంతే.

ఇప్పుడు గౌరవం సంగతి. ఇంగ్లిషులో దేవుణ్ణి సూచించే సర్వనామానికి పెద్ద అక్షరం పెట్టాలా వద్దా అన్నది ఎడతెగని వాదం. తెలుగులో పెద్ద అక్షరాలే లేవు కాబట్టి ఆ వాదం మనకి అక్కర్లేదు. మనకి ఇంకో వాదం ఉంది: యేసు "చెప్పాడు" అనాలా, "చెప్పారు" అనాలా? పాత అనువాదం "చెప్పెను" అని తప్పించుకుంది, ఆ రూపంలో గౌరవం హెచ్చుతగ్గులు కనపడవు. వాడుక భాషలోకి రాగానే తేల్చుకోవాల్సి వస్తుంది. "దేవుడు ప్రేమించాడు" అనడం అందరికీ సహజమే, "దేవుడు ప్రేమించారు" అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. యేసు దగ్గరికొచ్చేసరికి చాలామంది "యేసు ప్రభువు వారు అన్నారు" అంటారు. ప్రసంగంలో ఇది నడుస్తుంది. పుస్తకంలో మాత్రం చిక్కు తెస్తుంది. "యేసు శిష్యులతో మాట్లాడారు. తర్వాత వారు ఆ ఊరు విడిచి వెళ్ళారు." ఎవరు వెళ్ళారు, యేసా, శిష్యులా, అందరూనా? సువార్తల్లో పేజీ పేజీకీ యేసూ శిష్యులూ కలిసే ఉంటారు కాబట్టి ఈ గందరగోళం పేజీ పేజీకీ వస్తుంది. "ఆయన చెప్పాడు" అంటే గౌరవమూ ఉంటుంది, ఏకవచనమూ స్పష్టంగా ఉంటుంది. ఇష్టం లేనివాళ్ళు "చెప్పారు" అనే పెట్టుకోవచ్చు, కాకపోతే "వారు" అన్న సర్వనామం శిష్యులకి వదిలేసి యేసుకి "ఆయన" ఉంచాలి. అన్నిటికంటే ఘోరం ఒకటుంది: ఒకే పేజీలో దేవుడు "అన్నాడు", సీనియర్ పాస్టర్ గారు మాత్రం "సెలవిచ్చారు". రాసినవాళ్ళకి తట్టదు గానీ చదివేవాళ్ళకి వెంటనే కనిపిస్తుంది.

ప్రార్థనలో మాత్రం దేవుణ్ణి "నీవు" అనే పిలుస్తాం, "మీరు" అనం. "ప్రభువా, మీరు మమ్మల్ని కాపాడండి" అని ఎక్కడైనా కనిపిస్తే అది ఎవరో మర్యాద ఎక్కువై దిద్దినదే, తిరిగి "నీవు" చెయ్యాలి.

పేర్ల విషయం ఇంకా విచిత్రం. తెలుగు బైబిల్లో ఇస్సాకు కొడుకూ యాకోబే, యేసు శిష్యుడూ యాకోబే, పత్రిక రాసినవాడూ యాకోబే. ఇంగ్లిషులో మొదటివాడికి ఒక పేరు, మిగతావాళ్ళకి ఇంకో పేరు. అందుకే ఇంగ్లిషు నుంచి అనువదించేటప్పుడు "శిష్యుడైన జేమ్స్" అని రాసేసినవాళ్ళున్నారు. వద్దు. "జెబెదయి కుమారుడైన యాకోబు" అని బైబిలు చెప్పినట్టే చెప్తే చాలు. సౌలు కూడా అంతే, రాజైన సౌలా, తార్సువాడైన సౌలా అన్నది మొదటిసారి వచ్చినప్పుడే తేల్చెయ్యాలి. అబ్రాముకి దేవుడు కొత్త పేరు పెట్టింది ఆదికాండము 17లో, అక్కడి నుంచి "అబ్రాహాము". ఇది సగం పుస్తకాల్లో "అబ్రహాము" అయిపోతుంది. దేశాల పేర్లకి ఒక సులువైన పద్ధతి పెట్టుకోవచ్చు: మోషే కాలంలో అది ఐగుప్తు, ఇవాళ విమానమెక్కి వెళ్ళే దేశం ఈజిప్టు. ఇశ్రాయేలు, ఇజ్రాయెల్ కూడా ఇలాగే. హోలీల్యాండ్ యాత్రల మీద పుస్తకం రాసేవాళ్ళకి ఈ రెండూ ఒకే వాక్యంలో వస్తాయి, రావడంలో తప్పు లేదు.

"అన్యజనులు" అన్న మాట దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. బైబిల్లో అది యూదులు కాని జాతుల పేరు, వచనంలో ఉంటే మార్చే హక్కు ఎవరికీ లేదు. కానీ రచయిత తన సొంత మాటల్లో పక్కింటి వాళ్ళనీ ఆఫీసులో తోటి ఉద్యోగుల్నీ "అన్యులు" అంటే, పుస్తకం ఆ పక్కింటివాళ్ళ చేతిలో పడినప్పుడు ఎలా ఉంటుంది? సికింద్రాబాద్ లాంటి ఊళ్ళో పడకుండా ఉండదు. "ఇతర మతాలవారు" అంటే అర్థం పోదు, మర్యాదా పోదు.

ఎవరి కోసం రాస్తున్నారో తెలియకపోతే పదజాలం కూడా తేలదు. బాప్తిస్మము అన్నారంటే ఒక పాఠకుడు, జ్ఞానస్నానం అన్నారంటే ఇంకో పాఠకుడు. ఇలాంటి జంటలే సువార్త-సువిశేషం, సంఘం-శ్రీసభ, పరిశుద్ధాత్మ-పవిత్రాత్మ, ప్రభురాత్రి భోజనం-దివ్య సత్ప్రసాదం. ప్రతి జంటలో మొదటివి ప్రొటెస్టెంటు ఇళ్ళలో వినిపిస్తాయి, రెండోవి క్యాథలిక్ ఇళ్ళలో. సికింద్రాబాద్‌లోని అమృతవాణి లాంటి క్యాథలిక్ సంస్థకి ఇవ్వాలనుకున్న రాతప్రతిలో "పాస్టర్ గారు బాప్తిస్మమిచ్చి సంఘంలో చేర్చుకున్నారు" అని ఉంటే వాళ్ళు వెనక్కి పంపరేమో గానీ ప్రతి పేజీ దిద్దాల్సి వస్తుంది. ప్రొటెస్టెంటు బైబిల్లో 66 పుస్తకాలు, క్యాథలిక్ బైబిల్లో 73, కాబట్టి రిఫరెన్సుల జాబితా దగ్గర కూడా ఇది తేలుతుంది. క్యాథలిక్ వైపు ఇంకో మెట్టు ఉంది: జ్ఞానోపదేశం నేర్పే పుస్తకాలకు బిషప్ ఆమోదం ఉండాలని 1983 నాటి శ్రీసభ చట్టం చెబుతుంది, కాబట్టి ఆ రాతప్రతి డీటీపీ కంటే ముందు అక్కడికి వెళ్ళాలి. ప్రొటెస్టెంటుల్లో అలాంటి కట్టుబాటు లేదు. దానికి బదులు ముందుమాటలు ఉన్నాయి, ఆ సంగతి తర్వాత.

అనువాద పుస్తకాల్లో రెండు గొంతుల గొడవ మూడు గొంతులవుతుంది. హీబ్రూ బైబిల్లో దేవుడి పేరు సుమారు 6,800 సార్లు వస్తుంది, ఇంగ్లిషు అనువాదాలు ఎక్కువగా అక్కడ "ప్రభువు" అన్న అర్థమిచ్చే మాటని చిన్న సైజు పెద్దక్షరాల్లో అచ్చేస్తాయి, మన పాత అనువాదం సూటిగా "యెహోవా" అంటుంది. అనువాదకుడు ఇంగ్లిషు చూసి "ప్రభువు" అని రాస్తే, పక్కనే ఉన్న తెలుగు వచనంలో "యెహోవా" ఉంటుంది, రెంటికీ పొంతన ఉండదు. 1611 నాటి ఇంగ్లిషు బైబిలు మొదటి కొరింథీ 13లో ప్రేమకి బదులు "చారిటీ" అంది. ఆ మాటకి అప్పుడు దానధర్మం అన్న అర్థం కాదు అని ఇంగ్లిషు రచయిత ఒక పేజీ వివరిస్తాడు. తెలుగులో ఆ వచనం ముందు నుంచీ "ప్రేమ" అనే ఉంది. ఆ పేజీని తెలుగు చేస్తే లేని రోగానికి మందు రాసినట్టే. తీసెయ్యాలి, లేదా మూల రచయిత అనుమతితో ఒక వాక్యానికి కుదించాలి. తెలుగు చెయ్యాలంటేనే హక్కుదారు అనుమతి ఉండాలన్న సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మన దగ్గర చాలా క్రైస్తవ పుస్తకాలు పుట్టేది బల్ల మీద కాదు, మైకు ముందు. ఆదివారం ప్రసంగం రికార్డవుతుంది, సంఘంలో ఓ అమ్మాయో అబ్బాయో ఓపిగ్గా విని టైపు చేస్తారు, పది ప్రసంగాలు కలిపితే పుస్తకం. ఆ ఫైలు చదువుతుంటే "ఆమేన్ అనండి", "పక్కనున్న వాళ్ళతో చెప్పండి", "ఎంతమంది నమ్ముతున్నారు, చేతులెత్తండి" అన్నవి అలాగే ఉంటాయి. పుస్తకం చదివేవాడు ఒక్కడే మెట్రోలో కూర్చుని చేతులెత్తలేడు కదా. వీటిని తీసెయ్యడం తేలిక. అసలు కష్టం పునరుక్తి. చెవికి ఒకే మాట మూడుసార్లు కావాలి, కంటికి ఒకసారి చాలు. ప్రసంగంలో వచనం ముందు చదివి, విడగొట్టి, మళ్ళీ చదువుతారు. పుస్తకంలో ఒకసారి పూర్తిగా ఇచ్చి, తర్వాత కావాల్సిన ముక్కని మాత్రం ఎత్తి చూపాలి. వంద పేజీల ట్రాన్స్‌క్రిప్టు నిజాయితీగా దిద్దితే అరవై పేజీలకి దిగొచ్చు. అందుకు పాస్టర్ గారు ఒప్పుకుంటారా అన్నది ఎడిటర్ చాకచక్యం. సాక్ష్యాలు ఉన్నచోట మనుషుల పేర్లు, రోగాల పేర్లు, ఊళ్ళ పేర్లు వాళ్ళని అడిగి పెట్టారో లేదో కూడా ఈ దశలోనే చూడాలి. గుడిలో నిలబడి చెప్పినంత మాత్రాన అచ్చులో వెయ్యడానికి ఒప్పుకున్నట్టు కాదు.

పాటలు వేసేటప్పుడు మన సంప్రదాయం మనకి ఉంది. పల్లవి, చరణాలు, ప్రతి చరణం చివర రెండు నిలువు గీతల మధ్య పల్లవి మొదటి మాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో రాగం, తాళం కూడా ఇస్తారు, ఆ పుస్తకం నుంచి తీసుకుంటే కీర్తన సంఖ్యతో పాటు అవీ పెడితే పాడేవాళ్ళకి ఉపయోగం. పురుషోత్తమ చౌదరి 1890లో పోయారు, ఆయన కీర్తనలు ఎవరైనా వేసుకోవచ్చు. యూట్యూబ్‌లో నిన్నగాక మొన్న వచ్చిన పాట అలా కాదు. మన కాపీరైట్ చట్టం (1957) ప్రకారం రచయిత బతికున్నంత కాలం, ఆ పైన 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. "దేవుని పాటకి హక్కులేంటి" అనేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు, పాట రాసినవాళ్ళు మాత్రం అలా అనుకోకపోవచ్చు.

బైబిలు అనువాదాలకీ అంతే. పాత అనువాదం అందరికీ అలవాటైపోయి బైబిలంటే ఉచితం అన్న భావం స్థిరపడింది. వాడుక భాషలో ఇటీవలి దశాబ్దాల్లో వచ్చిన అనువాదాలకి హక్కుదారులున్నారు, అనుమతి అడక్కుండా ఎంత వాడుకోవచ్చో ఆ బైబిలు మొదటి పేజీల్లో రాసి ఉంటుంది, చదవాలి. కొన్ని, ఇండియన్ రివైజ్డ్ వెర్షన్ లాంటివి, పేరు చెప్పి అవే షరతులతో వాడుకోమని స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చారు. ఏదైనా సరే, పుస్తకమంతా ఒకే అనువాదం వాడి, అదేదో హక్కుల పేజీలో ఒక వాక్యంలో చెప్పాలి. మధ్యలో ఎక్కడైనా వేరేది వాడితే ఆ వచనం పక్కనే చెప్పాలి. నచ్చిన మాట దొరికేదాకా నాలుగు అనువాదాలు తిరగేసి వచనానికో అనువాదం ఏరుకోవడం కొంతమందికి అలవాటు. దానివల్ల వాదన బలపడదు, అనుమానం బలపడుతుంది.

అచ్చు విషయంలో రెండే ముక్కలు చెప్పుకోవాలి. ఇంగ్లిషు పుస్తకాల్లో ఇటాలిక్ చేసే పని తెలుగులో చెయ్యదు. తెలుగు ఫాంట్లలో నిజమైన ఇటాలిక్ దాదాపు ఉండదు, సాఫ్ట్‌వేర్ అక్షరాన్ని పక్కకి తోసేస్తుంది, వత్తులూ గుడులూ ఒకదాని మీద ఒకటి పడతాయి. పొడవైన వచనభాగాన్ని రెండు పక్కలా మార్జిన్ వదిలి విడి పేరాగా పెడితే అదే చాలు, అప్పుడు కోట్స్ కూడా అక్కర్లేదు. రెండోది, లైన్ల మధ్య దూరం. పైన గుడి, కింద వత్తు ఉన్న లిపికి ఇంగ్లిషు కంటే ఎక్కువ ఎడం కావాలి, 12 పాయింట్ల అక్షరానికి 16 దాకా ఇచ్చినా తప్పు లేదు. పేజీలు తగ్గించుకోవడానికి దీన్ని నొక్కేస్తే పెద్దవాళ్ళు చదవలేరు, మన పుస్తకాలు ఎక్కువగా చదివేది వాళ్ళే. పేజీల లెక్క ఫారాల్లో ఉంటుంది, ఫారానికి 16 పేజీలు. 130 పేజీలు వచ్చిందంటే ఎనిమిది ఫారాలు నిండి రెండు పేజీలు మిగిలాయన్నమాట. ఆ రెండు పేజీల కోసం లైన్లు నొక్కడం కన్నా ముందుమాటల్లో ఒకటి తగ్గించడం సులువు. కాకపోతే అది ఎవరిది తీసెయ్యాలి? ఆశీర్వచనం, అభినందన, ముందుమాట, తొలిపలుకు, శుభాకాంక్షలు, అన్నిటి పైనా ఫొటోలు, మొదటి అధ్యాయం చేరేసరికి ఇరవయ్యో పేజీ. ఒకటి ఉంచి మిగతావి వెనక అట్ట మీద రెండేసి వాక్యాలుగా వేస్తే అందరి పేర్లూ ఉంటాయి, ఫారం కూడా మిగులుతుంది. ఫొటోలు వాట్సాప్‌లో కాకుండా మెయిల్లో అసలు సైజులో తెప్పించుకోవాలి.

ఐఎస్‌బిఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) కావాలంటే ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి, రుసుము లేదు, అట్ట ప్లేటుకి వెళ్ళకముందే చేతిలో ఉండాలి. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన పుస్తకం ప్రతి ఒకటి కలకత్తా నేషనల్ లైబ్రరీకి, మరో మూడు పెద్ద గ్రంథాలయాలకి నెల లోపు ప్రచురణకర్త పంపాలి, చాలామంది పంపరు.

ఆఖరి ప్రూఫు మాత్రం ఇద్దరు కూర్చుని చూడాల్సిన పని. ఒకరి చేతిలో ప్రూఫు, ఇంకొకరి చేతిలో ఏ అనువాదం వాడారో ఆ బైబిలు. కథ చదవకూడదు, భావం చదవకూడదు, వచనాలూ అంకెలూ మాత్రమే: ఒకరు "యెషయా 40:31" అని పైకి చదివితే రెండోవాళ్ళు తెరిచి, పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టి, తర్వాతిది అడగాలి. మూడు వందల రిఫరెన్సులుంటే ఒక పూట పడుతుంది. మొదటి గంటలో ఏ తప్పూ దొరకకపోతే, ఎక్కువసార్లు, చూసేవాళ్ళు బైబిలు తెరవకుండా తలూపుతున్నారని అర్థం.